రెండు గరిటె దెబ్బలు

"ఒకటి కొడితే ఇంకా తియ్యాలని. రెండు కొడితే ఆపేయమని. గుర్తుంటాదా?" అన్నాడు మోహన్.

రోజారమణి అప్పుడు కందిపప్పు కడుగుతోంది. ఆ మాట అంటూనే భర్త గోడకి వేలాడుతున్న గరిటె తీసి ఆమె చేతికిచ్చాడు. ఇత్తడి గిన్నె ఒకటి కిటికీ గట్టు మీద బోర్లించాడు కూడా. పెళ్లయి పదకొండేళ్లయింది. మోహన్ తనంతట తాను వంటింట్లో ఒక గిన్నె సర్దడం ఆమె చూడటం అదే మొదటిసారి.

రాయగడలో వాళ్లది టింబరు డిపో. డిపో చూసుకోవాల్సిన మోహన్ కుర్రతనంలో బెంగుళూరు వెళ్లి, గిటార్లు చేసే ఒక ముసలాయన దగ్గర నాలుగేళ్లు పని నేర్చుకొచ్చాడు. మామూలు గిటార్లు కావు. ఆర్చ్‌టాప్‌లంటారు, జాజ్ సంగీతం వాయించేవాళ్లవి. వయొలిన్‌కి మల్లే వాటి పొట్ట కాస్త ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు చెక్కని వంచితే వచ్చేది కాదు. అంగుళం మందం చెక్కని పైనుంచీ లోపల్నుంచీ తొలిచి తొలిచి, నడుమ కొంచెం మందం, అంచుల దగ్గర పల్చన చేసి రాబట్టాలి. ఏడాదికి రెండు తయారైతే గొప్ప. ఒక్కోదాని ఖరీదుకి చిన్న కారొస్తుంది.

చెక్కడంలో మోహన్‌కి వంక పెట్టడానికి లేదు. చిక్కంతా ఎక్కడ ఆపాలన్నదే. మందం మిగిలితే గిటారుకి గొంతు పెగలదు. ఒక్క పొర ఎక్కువ తీశామా, తీగల లాగుడికి ఏడాది తిరక్కుండా పొట్ట కుంగిపోతుంది, ఇక దానికి మందు లేదు. ఏ రెండు చెక్కలూ ఒకలా ఉండవు కాబట్టి కొలతలు కొంతవరకే పనికొస్తాయి. ఆ తరవాత చెక్కని రెండు వేళ్లతో వేలాడదీసి, వేలి కణుపుతో తట్టి, వినాలి. మోహన్‌కి ఆ వినడం రాదు. బెంగుళూరు ముసలాయన ఎంత మొత్తుకున్నా రాలేదు.

రోజారమణికి వచ్చు. కకిరిగుమ్మ స్టేషను పక్కన వాళ్ల నాన్న కొట్లో పప్పులూ బెల్లంతోపాటు కుండలు కూడా అమ్మేవారు. సంత రోజున కుమ్మర్లు దింపిన కుండల్ని ఒక్కొక్కటీ తట్టి బీటున్నవి ఏరెయ్యడం తొమ్మిదో ఏటి నుంచీ ఆమె పని. పెళ్లయిన రెండో ఏడు, పెరట్లో బట్టలారేస్తూ మోహన్ పనిచేసే షెడ్డులోంచి వస్తున్న టక్కుటక్కులు విని, "అదింకా నోరిప్పలేదండీ, ఎడం పక్క అడ్డం పడతంది" అంది. మోహన్ నవ్వాడు. తరవాత ఆమె చెప్పిన చోట రెండు పొరలు తీసి తట్టి చూశాడు. ఇక నవ్వలేదు.

అప్పట్నుంచీ ప్రతి చెక్కా వంటింట్లోకి వస్తుంది. ఆమె చేతులు పిండిలో ఉన్నా అంట్లలో ఉన్నా సరే, చెవి దగ్గర పెట్టి "ఓపాలి ఇను" అంటాడు. అలా పద్నాలుగు గిటార్లు. పైన లక్క పాలిష్ కూడా ఆమె చెయ్యే. గుడ్డ ఉండతో, ఊదితే ఆరిపోయేంత పల్చగా, నూట ఇరవై పూతలు. లోపల అంటించే చీటీ మీద మాత్రం 'మోహన్, రాయగడ' అని ఉంటుంది. కొనేవాళ్లు పాలిష్ చూసి మురిసిపోతే, "మా ఆవిడ కూడా కాస్త తుడుస్తాదండి" అంటాడు. అత్తగారు అమ్మన్నమ్మకి ఆ ముక్క కూడా ఎక్కువే. "ఆడి పనికి నువ్వు వంకలెడతావేటే అమ్మీ? ముందు పొయ్యి మీదున్నది సూసుకో" అని ఎన్నిసార్లందో లెక్కలేదు. పొయ్యి మీదున్నది చూసుకుంటూనే పద్నాలుగు చెక్కలు విన్నానని రోజారమణి ఎప్పుడూ అనలేదు.

ఇప్పుడీ గరిటె గొడవ చంద్రశేఖరంగారి వల్ల వచ్చింది. విశాఖపట్నం హోటళ్లలో ముప్పయ్యేళ్లు జాజ్ వాయించిన పెద్దమనిషి. మూడేళ్ల కిందట ఒక గిటారు కొన్నాడు, రెండోది చేయిస్తూ షరతు పెట్టాడు. పొట్ట చెక్క పలికే రోజున దగ్గరుండి చూస్తానని.

"నేనే షెడ్డులోకి వస్తాను కదండీ" అంది రోజారమణి.

"బాగున్నాది! పెళ్లాం సెపితే సేస్తన్నాడంటే నా పనికి ఇలువేటుంటాది? కిటికీకీ షెడ్డుకీ ఆరడుగులు. ఇక్కణ్ణుంచే ఇను."

ఆమెకి కోపం రాలేదని కాదు. ఒళ్లు మండింది. కానీ ఆ చెక్క జర్మనీ నుంచి వచ్చిన స్ప్రూస్ కలప. ఏడేళ్లు అటక మీద ఆరింది. వానాకాలాల్లో చెమ్మ తగలకుండా గుడ్డ చుట్టి, వారానికోసారి తిరగేసి పెట్టింది ఆమే. దాన్ని మోహన్ చెవికి వదిలెయ్యడానికి ప్రాణం ఒప్పలేదు. గరిటె అందుకుంది.

చంద్రశేఖరం పొద్దున్న బండికి దిగాడు. పాత గిటారు వెంట తెచ్చుకున్నాడు. షెడ్డులో దాన్ని ఒళ్లో పెట్టుకుని పిల్లాణ్ణి నిమిరినట్టు నిమురుతూ, "ఈ వంపు చూడవయ్యా, వెలుగు పడితే ఎక్కడా తెగదు. మూడేళ్లలో దీని గొంతు ఇంకా విచ్చుకుంది. అసలు ఎక్కడ ఆపాలో నీకెలా తెలుస్తుంది?" అన్నాడు.

"సెయ్యికి తెలిసిపోద్దండి" అన్నాడు మోహన్.

కిటికీ దగ్గర రోజారమణి పెదవి కొరుక్కుంది. పప్పు కుక్కర్లో పెట్టి, పులుసు కలపమని అత్తగారికి అప్పజెప్పింది. అమ్మన్నమ్మకి కుక్కరంటే హడల్, ఎప్పుడు పేలుతుందోనని దాని దగ్గరికి పోదు.

టక్. చెక్క గొంతు ఇంకా మూసుకునే ఉంది. రోజారమణి గిన్నె మీద ఒకటి కొట్టింది. మోహన్ బొటనవేలంత ఇత్తడి చిత్రికతో పొర తీశాడు. మళ్లీ టక్. మళ్లీ ఒకటి. అలా ఏడుసార్లు. "మీ ఇంట్లో వంట గట్టిగానే జరుగుతున్నట్టుందే" అన్నాడు చంద్రశేఖరం.

ఎనిమిదోసారి తట్టగానే ఆమె ఒళ్లు ఝల్లుమంది. వచ్చేసింది. నిండుగా, నిదానంగా సాగి ఆగింది. రెండు కొట్టడానికి గరిటె ఎత్తింది. సరిగ్గా అప్పుడే వెనకనుంచి, అమ్మన్నమ్మ పులుసు కలిపి గరిటెకంటిన ముక్కలు రాలడానికి గిన్నె అంచు మీద ఠంగుమని ఒక్కటి కొట్టింది.

షెడ్డులో చిత్రిక కదిలింది. రోజారమణి గబగబా రెండు కొట్టింది. మొదటి దెబ్బకే కట్టుబడ్డ మోహన్ తలెత్తలేదు. సర్రున పొర లేచిన చప్పుడైంది. ఇంకొకటి లేస్తే ఏడేళ్ల చెక్క పొయ్యిలోకే.

ఆమె గరిటె చేత్తో పట్టుకునే పరిగెత్తింది.

"ఆపండి!"

మోహన్ చెయ్యి గాల్లో ఆగింది. చంద్రశేఖరం గరిటెనీ చూశాడు, కిటికీలో బోర్లించిన గిన్నెనీ చూశాడు. రోజారమణి గరిటె బల్ల మీద పెట్టి, కొంగుకి చేతులు తుడుచుకుని, భర్త చేతిలోంచి చెక్క తీసుకుని రెండు వేళ్లతో వేలాడదీసి తట్టింది. నడుమ, పైన, కింద. ప్రాణం కుదుటపడింది.

"నడుమ ఇంక ముట్టుకోడానికి లేదండి. కుడి అంచున మాత్రం రెండు పొరలు తియ్యాల" అంది.

"అయితే నా దగ్గరున్నది?" అన్నాడు చంద్రశేఖరం.

"అదీ నేను ఇని సెప్పిందేనండి. మీరు లావు తీగలెక్కువ వాయిస్తారని సెప్పేరట. అందుకే ఆ పక్క కాస్త మందం వదలమన్నాను."

ఆయన పాత గిటారుని వెలుతురికి తిప్పి, లోపలి చీటీ వైపు చూశాడు. "ఇందులో మీ పేరు లేదేమ్మా?"

"లేదండి. దీన్లో రాస్తాను."

మోహన్ ముఖం కందగడ్డయింది. గొంతు తగ్గించి, "రోజా, కుక్కరెట్టినావు. పప్పు మాడిపోద్ది, ఎల్లి సూడు" అన్నాడు.

రోజారమణి స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. బల్ల మీది చిత్రిక తీసుకుని, గరిటె భర్త చేతికిచ్చింది.

"మీ అమ్మకి కుక్కరంటే భయం. మీరెల్లండి. మూడు కూతలు ఇని ఆపేయండి. ఒకటీ కాదు, రెండూ కాదు. గుర్తుంటాదా?"