మంచుపెట్టె మీద పొట్లం

తలుపు తెరిచేముందు తూ జిన్‌లాయ్ ఎప్పటిలాగే మంచుపెట్టె పక్కను అరచేత్తో తట్టాడు. లోపల సన్నటి గొట్టాల్లో పక్షుల కాలేయాలు, కప్పల కాలివేళ్ళు, చేపల కండలు చిన్న చిన్న ముక్కలుగా గడ్డకట్టి ఉన్నాయి. తైవాన్ నడిమి కొండల్లోని ఆ ప్రదర్శనశాలలో వాటిని చూసుకోవడమే అతని ఉద్యోగం. పరిశోధకులు ఎవరడిగినా సగం కోసి పంపాలి, సగం ఉంచాలి. ఏళ్ళ తరబడి ఆ చలికి అతని వేలికొసలు నున్నబడిపోయాయి; హాజరు యంత్రం వాటిని గుర్తుపట్టదు. కాపలావాడే రోజూ బయటి తలుపు తీస్తాడు. ఏనాడూ విసుక్కోలేదు.

పెట్టె మీద కొబ్బరి రుచి చిరుతిండి పొట్లం నిలబెట్టి ఉంది. ఆకుపచ్చది. అది ఉన్నంతకాలం మంచుపెట్టె బుద్ధిగా పనిచేస్తుందని అక్కడివాళ్ళ నమ్మకం. పొట్లం గడువు దాటితే మొండికేస్తుందట. ఆ రోజుతో పాతదాని గడువు తీరుతోంది. కొత్తది తెమ్మంటే, విదేశంలో డాక్టరేటు చేసి ఈమధ్యే ఉద్యోగంలో చేరిన యాన్ రూజెన్ పసుపుది తెచ్చింది.

"పసుపా! పసుపు దీపం వెలిగితే యంత్రం మొరాయిస్తున్నట్టని విదేశంలో చెప్పలేదా డాక్టరమ్మా?"

"కొట్లో ఇదే ఉంది బాబాయ్. మధ్యాహ్నం మారుస్తాలెండి."

"మార్చకు. ఇది నాకియ్యి, సాయంత్రం బస్సులో తింటా. పెట్టెకి పచ్చది తే."

"సరే. మరి జపాన్ వాళ్ళకేం చెప్పమంటారు?"

అతను పొట్లాన్ని తన బల్ల మీద పెట్టుకున్నాడు. జపాన్ వాళ్ళు అడిగింది ఒక వాగు చేపను. ఏటా పెద్దల సమాధులు ఊడ్చే పండక్కి అత్తవారి ఊరు వెళ్ళినప్పుడు, అతని భార్య ఆలీ రొయ్యల బుట్టతో పట్టింది. మరుసటి ఏడు తుఫానుకు కొండ విరిగి ఆ వాగు పూడిపోయింది. ఆ చేప మళ్ళీ ఎక్కడా దొరకలేదు. తర్వాత ఆలీ కూడా పోయింది. అడిగినవాళ్ళకు సగం, సగంలో సగం ఇచ్చాక మిగిలింది పెసరగింజంత. జన్యువుల వరస మొత్తం చదవాలంటే అదంతా కావాలి. అతను వాయిదా వేస్తూ వచ్చాడు.

"సగమిస్తే వాళ్ళకీ చాలదు, మనకీ పనికిరాదు," అంది రూజెన్. "మొన్న గాలివానకి కరెంటు పోయినప్పుడు చూశారుగా. ఇంకోసారి పోతే మీరు కాపాడింది చేపనా, చేప సమాధినా?"

అనేసి నాలుక కరుచుకుంది.

"సమాధినైతే ఏడాదికోసారైనా ఊడుస్తాం," అన్నాడతను. "చదివితే వాగు కనిపిస్తుందా?"

"వాగు కనిపించదు. ఏ చేపలకి చుట్టమో తెలుస్తుంది. ఎవరడిగినా చదివిందే ఇవ్వొచ్చు. ఇక కోయక్కర్లేదు."

"ఇక కోయక్కర్లేదు," అన్నాడతను, ఆ మాట బరువెంతో చూసుకుంటున్నట్టు.

ఆ రోజు కత్తి బయటికి తీయలేదు. గొట్టాన్ని ఉన్నదున్నట్టుగా థర్మోకోల్ పెట్టెలో దించి, చుట్టూ పొగలు కక్కే పొడిమంచు పోసి, టేపు వేసి, చివర్లు బొటనవేలితో నొక్కాడు. ఎగుమతి అనుమతి కాగితం పైన అంటించాడు. కొరియర్ వాడు పెట్టెను చంకన పెట్టుకోబోతే, "పొద్దున పుట్టిన బిడ్డనుకో," అన్నాడు. వాడు నవ్వి రెండు చేతులా పట్టుకున్నాడు.

భోజనాల వేళ, గడువు దాటకముందే పాత పొట్లం విప్పి ఇద్దరూ పంచుకున్నారు. మెత్తబడ్డాయని రూజెన్ అంటే, "కాపలా కాసి అలిసిపోయాయి," అన్నాడు. తర్వాత రోజూలాగే దీపాలు ఆర్పారు. అందరూ కునుకు తీయడానికి బల్లల మీద తలలు వాల్చారు. అతను కళ్ళజోడు తీసి, మడిచిన చేతుల మీద చెంప ఆనించాడు. రూజెన్ చప్పుడు చేయకుండా కొట్టుకు వెళ్ళింది.

ఆమె తిరిగొచ్చేసరికి దీపాలు వెలిగాయి. అందరూ తలలెత్తారు. అతను ఎత్తలేదు. పచ్చ పొట్లం దొరికిందని చెప్పి, లేపుదామని చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. అతని చేతులు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి కనుక, ఆమెకు వెంటనే తెలియలేదు.

సాయంత్రం గదికి తాళం వేసేముందు రూజెన్ మంచుపెట్టె పక్కను అరచేత్తో తట్టి, పచ్చ పొట్లాన్ని దాని మీద నిలబెట్టింది. పసుపుది అతని బల్ల మీదే, కళ్ళజోడు పక్కన, విప్పకుండా ఉంది.