నేర్చుకున్నట్టు సంతకం

ఆమె సంచిలో నాలుగు చొక్కాలు పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. షిఫ్టు అవగానే భర్త అటునుంచి అటే బస్సెక్కి కూతురి దగ్గరికి వెళ్లాలి. మనవరాలు పుట్టి తొమ్మిది రోజులు.

"రెండు రోజులకి ఇన్నెందుకే? కాపురానికి పంపిస్తున్నావా నన్ను?" అన్నాడు.

"ఒళ్లో పడుకోబెట్టుకున్నాక తెలుస్తుందిలే, ఎన్ని కావాలో."

ఇద్దరిదీ ఒకే బట్టల ఫ్యాక్టరీ. ఆమె కుట్టు మిషను మీద, అతను ఇస్త్రీ బల్ల దగ్గర. అందరికీ ఇస్త్రీ మాస్టరు. ఆ రోజు సంచి బల్ల కిందికి తోసి పనిలో దిగాడు. మధ్యాహ్నం మూడు దాటాక, ఆవిరిలో నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు.

ఆమె పరుగెత్తుకొచ్చేసరికి జనం మూగి ఉన్నారు. మూర్ఛ అనుకుని ఎవరో చేతిలో తాళాలు పెట్టారు. ఇంకొకరు మొహాన నీళ్లు కొట్టారు. ఉండి ఉండి అతని గొంతులోంచి గురకలాంటి శబ్దం వచ్చింది. ఊపిరి ఆడుతోందిలే అని అందరూ తేలికపడ్డారు. ఆమె కూడా తేలికపడింది. డాక్టరు వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దని సూపర్‌వైజరు కేకలేశాడు. గుండెకు షాకిచ్చే పెట్టె మేనేజరు గదిలో, అద్దాల బీరువాలో ఉంది. సరుకు కొనేవాళ్లు తనిఖీకి వచ్చినప్పుడు చూపించడానికి కొన్నారు. తాళంచెవి మేనేజరు జేబులో, మేనేజరు ఊళ్లో లేడు. మనిషిని బతికించే వస్తువును మనుషులకు అందకుండా దాచడానికి ఎంత తెలివి కావాలి?

పద్నాలుగు నిమిషాలకు అంబులెన్సు వచ్చింది. నర్సు దిగుతూనే మోకాళ్ల మీద కూర్చుని, అతని ఛాతీ మీద రెండు చేతులూ ఆన్చి నొక్కసాగింది. ఇంతసేపూ ఎవరు నొక్కారని నొక్కుతూనే అడిగింది. గురక వచ్చిందమ్మా, అంది ఆమె. అది ఊపిరి కాదని, గుండె ఆగినా కాసేపు అలాగే వస్తుందని, అప్పుడే నొక్కడం మొదలుపెట్టాలని నర్సు చెప్పింది.

"పెద్ద చదువేం అక్కర్లేదమ్మా. చేతులుంటే చాలు."

అక్కడ, అతనివి కాక, ఎనభై రెండు చేతులున్నాయి.

గోడ మీద కాగితం ఉంది. గుండె ఆగినవారికి సాయం చేయడంలో ఈ విభాగంలోని నలభై ఇద్దరికీ శిక్షణ ఇచ్చినట్టు. శిక్షణకు మూడు గంటలు మిషన్లు ఆపాలి. మిషన్లు ఆపలేదు, కాగితం తిప్పారు. భోజనాల వేళ, నోట్లో ముద్దతో అందరూ సంతకాలు పెట్టేశారు. మూడో వరసలో ఇస్త్రీ మాస్టరు సంతకం, పక్కన ఆమెది.

రెండు వారాలకు సూపర్‌వైజరు ఇంకో కాగితం తెచ్చాడు. ఈసారి నలభై ఒక్కరు.

"పెట్టెయ్ అక్కా, రేపే తనిఖీ."

ఆమె కలానికి మూత పెట్టి కాగితం మీద ఉంచింది.

"ముందు నేర్పించండి. నా చేతులతో నేను నొక్కి చూశాక పెడతాను."

"అందరూ పెడుతుంటే నీకొక్కదానికేం వచ్చింది?"

"కిందటిసారీ అందరం పెట్టాం."

పక్క మిషను ఆగింది. దాని వెనకది ఇంకా తిరుగుతోంది.

ఇస్త్రీ బల్ల కింద సంచి అలాగే ఉంది. ఆ నెల ఆరో తారీకు, మంగళవారం, ఉదయం ఏడింటికి ఇస్త్రీ మాస్టరు దాన్ని పట్టుకుని ఇల్లు దాటాడు. తిరిగి రాలేదు.