శ్రుతి కుదిరిన హస్కీ

నేను ఒక హార్మోనియం పెట్టెని. కర్ర గోదావరి ఎగువ టేకు, లోపలి రేకులు గుజరాతువి. రాజమండ్రిలో నన్ను చేసిన వడ్రంగి మొదటిసారి తిత్తి ఊపినప్పుడు నేను పాడలేదు, దగ్గాను. ఆయన చెవి దగ్గరపెట్టి విని, గొంతుందిలే అన్నాడు. అంతకన్నా పెద్ద మెప్పు నాకు మళ్ళీ దొరకలేదు.

చాలా ఏళ్ళు పౌరాణిక నాటకాలతో తిరిగాను. అప్పట్లో పద్యం చిన్నది, రాగం పెద్దది. అర్జునుడు రాగం ఎత్తుకుంటే కౌరవులు తెర వెనక్కి వెళ్ళి టీ తాగి వచ్చి మళ్ళీ యుద్ధానికి నిలబడేవారు. జనం వన్స్‌మోర్ అంటే చచ్చినవాడు కూడా లేచి, పాడి, మళ్ళీ చచ్చేవాడు. మనుషులకు చావుకన్నా చప్పట్ల మీదే గురి ఎక్కువని నాకు అక్కడే తెలిసింది.

నాటకాలు తగ్గాక హైమవతి టీచరు చేతికి వచ్చాను. ఆవిడ బళ్ళో సంగీతం చెప్పి రిటైరైన ఒంటరి మనిషి. ఒకరోజు పొద్దున్నే ఎవరో ఆవిడ గేటుకి ఒక హస్కీ కుక్కను కట్టేసి పోయారు. మంచుదేశంలో బండి లాగాల్సిన జాతి అది. నీలికళ్ళు చూసి మోజుపడి కొనుక్కున్నవాళ్ళు, రాజమండ్రి ఎండకు దాని నాలుక వేలాడటం చూసి, ఇల్లంతా రాలిన బొచ్చు చూసి, చివరికి దాని గొంతు విని వదిలించుకుంటారు. హస్కీ పెద్దగా మొరగదు. మోర ఎత్తి ఊళ పెడుతుంది. ఊళపెట్టే కుక్కకు యముడు కనిపిస్తాడని మనవాళ్ళ నమ్మకం.

టీచరు ఆ కుక్కను ఉంచుకుందన్న సంగతి ఊళ్ళో పాకింది. ఆ తరువాత హస్కీలన్నీ ఆ గేటుకే వచ్చాయి. ఆవిడ హాల్లో ఏసీ పెట్టించి కుక్కల్ని అందులో పడుకోబెట్టి, తను వరండాలో విసనకర్రతో పడుకునేది. అరకు వైపు చల్లని చోట్ల మంచి ఇళ్ళు వెతికి, పిల్లనిచ్చినంత జాగ్రత్తగా ఒక్కొక్కదాన్నీ అప్పగించేది. చివరికి బ్రూనో మిగిలింది. గృహప్రవేశంలో పంతులుగారి మంత్రానికి గొంతు కలిపినందుకు ఆ పూటే గెంటేసిన కుక్క అది. చూడ్డానికి వచ్చినవాళ్ళ మొహంలోకి చూసి తీరిగ్గా ఊళ పెట్టేది. వాళ్ళు తమ నాడి తామే పట్టుకుని చూసుకుంటూ వెళ్ళిపోయేవారు.

పక్కింటి కొప్పిశెట్టి సత్తిరాజు తండ్రి అబ్బులుగారు అప్పటికే మంచం పట్టి ఉన్నారు. తిండి మానేశారు, మాట పడిపోయింది. ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పేశారు. బ్రూనో ఊళ వినగానే సత్తిరాజు చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు. అందరూ వచ్చారు. ఊళ వినిపించినప్పుడల్లా పరుగున మంచం చుట్టూ చేరి తులసి తీర్థం పోసేవారు. ఊళ ఆగితే కాఫీకి లేచేవారు. సెలవులు అయిపోతున్నా పెద్దాయన కదలలేదు. చుట్టాల మొహాల్లో దుఃఖంకన్నా విసుగే ఎక్కువ కనిపించసాగింది.

సత్తిరాజు గోడ దగ్గరకు వచ్చాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఏమనుకోకండి టీచరుగారూ. అది ఊళెట్టినప్పుడల్లా నా గుండె ఆగిపోతందండి. సాయంత్రంలోగా ఎక్కడికన్నా పంపేయండి. లేపోతే కుక్కల బండోళ్ళకి చెప్పేత్తాను."

ఆవిడ తెలిసినవాళ్ళందరినీ అడిగింది. ఎవరూ తీసుకోలేదు. పొద్దు వాలుతుంటే వరండాలో కూర్చుని, ఏం చేయాలో తోచక నా తిత్తి లాగింది. షడ్జం, పంచమం పలికాను. బ్రూనో వచ్చి ఎదురుగా కూర్చుని మోర ఎత్తింది. ముందు కాస్త కిందనుంచి మొదలై, జారి, పాకి, పంచమం మీదికి ఎక్కి అక్కడ నిలబడింది. రంగస్థలం వదిలాక అంత పొడుగు రాగానికి నేను గాలి పోయలేదు.

గోడకవతల తులసి తీర్థం కోసం పరుగులు వినిపించాయి. ఆ హడావిడిలోంచి ఒక బొంగురు గొంతు లేచింది.

"ఎవడ్రా ఆ అర్జునుడు? గొంతు బాగుంది గానీ, ఊపిరెక్కడ తియ్యాలో తెలీదెదవకి."

అబ్బులుగారు వయసులో ఉన్నప్పుడు గోదావరి జిల్లాలన్నిటా అర్జునుడి వేషం కట్టిన మనిషి. మంచంతో సహా మోయించుకుని గోడ దగ్గరకు వచ్చి రాగం ఎత్తుకున్నారు. సగంలో గొంతు జీరపోయింది. మిగతాది బ్రూనో అందుకుంది. పెద్దాయన దానివంక చూసి, వన్స్‌మోర్ అని, గంజి అడిగారు. శోకాలకు సిద్ధపడి వచ్చిన ఆయన చెల్లెలు, వచ్చిన ఏడుపు ఆపుకోలేక ఏడ్చేసింది.

మర్నాడు సత్తిరాజు కుక్కను పెంచుకుంటామని వచ్చాడు. టీచరు వెంటనే ఒప్పుకోలేదు. గది చల్లగా ఉంటుందా, రోజూ బొచ్చు ఎవరు దువ్వుతారు, ఎండెక్కాక బయట తిప్పరు కదా అని అడిగి అడిగి, చివరికి నిన్న బండికి ఇస్తానన్న కుక్కే కదా ఇది అంది.

సత్తిరాజు తల వంచుకున్నాడు. "నాన్న మాట్టాడారండి. ఇంక దాన్ని నేనెలా పంపుతానండి?"

ఆవిడ గొలుసు అతని చేతిలో పెట్టింది.

ఈ సంగతి తెలిసి, ఇంట్లో ముసలివాళ్ళకు బాగోలేనివాళ్ళు బ్రూనోను ఒక పూట పంపమని టీచరు దగ్గరకు క్యూ కట్టారు. మావి కుక్కలండీ, మందులు కావు అని ఆవిడ తిప్పి పంపేది. ఒక నాటక సమాజంవారు మాత్రం, కుక్క మాట వదిలేసి, అబ్బులుగారి డేట్లు అడిగారు.

నేను పలకకపోతే బ్రూనో పాడటం లేదని తేలాక నేనూ గోడ దాటాను. కుక్కకు అన్ని షరతులు పెట్టిన ఆవిడ, నా గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. కానీ నా స్వరాల మెట్ల మీంచి చెయ్యి తీయడానికి చాలాసేపు పట్టింది.

ఇప్పుడు నా తిత్తి పాతబడింది. అబ్బులుగారి ఏసీ గదిలో చాప మీద ఉంటున్నాను. మొన్న సాయంత్రం అవతల టీచరు గేటుకు మళ్ళీ ఎవరో ఒక హస్కీని కట్టేసి పోయారు. అది బెదిరి, ఏ శ్రుతీ లేకుండా ఏడవసాగింది. ఎవరైనా వచ్చి నా మూత తీస్తారని ఎదురుచూశాను. అబ్బులుగారు కునుకులో ఉన్నారు. బ్రూనో లేచింది. గోడ దాకా వెళ్ళి, మోర ఎత్తి, మెల్లగా షడ్జం పట్టింది. అవతలిది కాసేపు అటూ ఇటూ తడబడి, వచ్చి దాన్ని అందుకుంది. వెనకాల టీచరు కూనిరాగం వినిపించింది.

నన్నెవరూ ముట్టుకోలేదు. శ్రుతి మాత్రం కుదిరింది.