పురుగులింటి మీటరు

"ప్రమోదా, లోపల ఎట్లుండాదో చూసిరా."

ఇరవై అయిదేళ్ళుగా ఆ ఇంట్లో తెల్లారేది ఈ మాటతోనే. అమరనాథ్ మంచం మీద నుంచి కాళ్ళు కింద పెట్టకముందే ఈ మాట అనేస్తాడు. ప్రమోద ముఖం కడుక్కుందో లేదో, పొయ్యి వెలిగించిందో లేదో, ముందు పెరట్లో ఉన్న పురుగులింటికి వెళ్ళాలి. గడప ముందు పరిచిన సున్నప్పొడిలో కాళ్ళు అద్ది, తలుపు తోసి, పట్టుపురుగుల స్టాండ్ల మధ్య నిలబడి, జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని, మోచేతి లోపలి వైపు గాలికి పెట్టాలి. పది లెక్కపెట్టేంతసేపు. ఆ తర్వాత ఆమె ఏది చెబితే అది. చలిగా ఉందంటే బొగ్గుల కుంపటి లోపలికి వెళుతుంది. ఉడుకుగా ఉందంటే కిటికీలు తెరుచుకుంటాయి. గాలిలో తేమ ఎక్కువైందంటే మల్బరీ ఆకు ఆరబెట్టాకే మేత పడుతుంది.

బట్లహళ్ళి చుట్టుపక్కల పురుగులు మేపే ఇళ్ళలో ఈ పనికి గోడకు వేడీ తేమా చూపే మీటరు ఒకటి వేలాడుతూ ఉంటుంది. పట్టు శాఖ వాళ్ళు వీళ్ళకూ ఒకటి ఇచ్చారు. అది వచ్చిన రోజే అట్టపెట్టెతో సహా అటకెక్కింది. "మా ఇంట్లో మనిషి మీటరే ఉండాది, ఇదేమిటికి?" అన్నాడు అమరనాథ్ నలుగురి ముందూ. ఆ రోజు ప్రమోద ఎంత మురిసిపోయిందో చెప్పలేం. మెట్టపొలాల్లో వేరుశనగ తప్ప ఇంకో పంట చూడని బాగేపల్లి పిల్ల, పట్టుపురుగంటే అసహ్యంతో కళ్ళు మూసుకున్న పిల్ల, ఆ ఇంటి కొలబద్ద అయిపోయింది మరి. ఆ తర్వాత చింతామణిలో మంచి పంట తీసిన రైతని అమరనాథ్‌కు శాలువా కప్పారు. ప్రమోద మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. ఆయన మైకు పట్టుకుని "అంతా దేవుడి దయ" అన్నాడు. మనిషి మీటరు సంగతి ఆ పూట ఆయనకు గుర్తుకు రాలేదు.

అయినా ప్రమోద దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఎందుకంటే ఆ ఇంట్లో ఆమె మాట ఎదురు లేకుండా చెల్లేది ఆ ఒక్కచోటే. కొడుకు లోకేశును ఏ కాలేజీలో చేర్చాలన్నప్పుడు "నీకేం తెలుసు" అన్నారు. పుట్టింట్లో నాలుగు రోజులుంటానంటే "పురుగులు మేతలో ఉంటే పోయేదెట్ల" అన్నారు. కిటికీ తీయమంటే మాత్రం అమరనాథ్ నోరెత్తకుండా లేచి వెళ్ళి తీస్తాడు. ఎంతైనా అదీ ఒక గౌరవమే కదా అనుకునేది.

ఉగాది దాటాక ఊళ్ళో ఆయుర్వేద ఆసుపత్రి హాల్లో ఆడవాళ్ళకు యోగా మొదలుపెట్టారు. చింతామణి నుంచి స్కూటీ మీద మంజుశ్రీ అనే అమ్మాయి వచ్చి నేర్పేది. ముప్పై ఏళ్ళుంటాయేమో, నవ్వు ముఖం. నడుం నొప్పి తగ్గుతుందని పక్కింటి వాళ్ళు చెబితే ప్రమోదకూ ఆశ పుట్టింది. అత్త మునిరత్నమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "పొద్దున్నుంచి రాత్రి దాకా వంగి లేస్తానే ఉండావు గదా, మళ్ళా దానికి క్లాసు కావల్నా?" అంది. "ఆరు గంటలకి మేతెవరు ఏస్తారు?" అన్నాడు అమరనాథ్. ప్రమోద నాలుగున్నరకే లేచి మేత వేసి వెళ్ళడం మొదలుపెట్టింది. నొప్పి తగ్గించుకోవడానికి ఇంకో గంట ముందు లేవాల్సి రావడం తలుచుకుంటే ఆమెకే నవ్వొచ్చింది.

మొదటి రోజు మంజుశ్రీ అందరినీ కళ్ళు మూసుకోమంది. "ఊపిరిని గమనించండి. ఒళ్ళు ఏమి చెప్తాండాదో వినండి. ప్రమోదక్కా, ఇప్పుడు ఎట్లుండాది మీకి?"

"బాగుండాది మేడం. పురుగులకి సరిపోతాది" అంది ప్రమోద.

హాలంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. కానీ ఇంటికి నడుస్తూ, పోనీ ఇంకేం చెప్పి ఉండాల్సిందని ఆలోచిస్తే జవాబు దొరకలేదు. ఆ సమయానికి తనకు ఆకలిగా ఉందో, నిద్రగా ఉందో, చల్లగా ఉందో ఎంత వెతికినా తెలియలేదు. ఇంట్లో ఎవరికి ఎప్పుడు ఆకలవుతుందో తెలుసు. ఏ స్టాండులో పురుగు మేత మానిందో తెలుసు. తన దగ్గరికి వచ్చేసరికి, ఎవరూ అడగని ప్రశ్న పరీక్షలో వచ్చినట్టు ఖాళీగా అయిపోయింది. ఇది మామూలేనా, లేక తనలో ఏదైనా లోపమా అన్నది కూడా తేలలేదు.

ఎండాకాలంలో మంజుశ్రీ శీతలి నేర్పింది. నాలుక గొట్టంలా చుట్టి గాలి పీలిస్తే గొంతులో చల్లగా దిగుతుంది. వానల్లో నెమ్మదైన ఆసనాలు. చలి మొదలయ్యాక సూర్యనమస్కారాలు పెంచింది, ఒళ్ళు వేడెక్కడానికి గబగబా ఊపిరి కొట్టడం నేర్పింది. "కాలం మారేది ముందు మన ఒంట్లోనే తెలియల్ల, కేలండర్లో కాదు" అనేది. ప్రమోద తలూపేది. అక్కడే ఆమెకు చిక్కొచ్చిపడింది. దీపావళి పోయి, అందరూ స్వెట్టర్లు తీసిన రోజుల్లో ఆమె ఒంట్లో ఎండాకాలం మొదలైంది. ఉన్నట్టుండి ఛాతీ దగ్గర సెగ పుట్టి మెడ మీదుగా చెవుల దాకా పాకేది. జాకెట్టు తడిసిపోయేది. రెండు నిమిషాలకే వణుకు. నెలసరి మూడు నెలలకొకసారి వస్తోంది, అదీ ఎప్పుడు వస్తుందో తెలియదు. ఊపిరి తప్పుగా పీలుస్తున్నానేమో, కాలానికి తగ్గట్టు చేయలేకపోతున్నానేమో అని భయపడి, అందరూ వేడి పుట్టించుకుంటుంటే వెనక వరసలో దొంగతనంగా శీతలి చేసేది. మేడంని అడగడానికి సిగ్గు. అడిగితే ఏమని అడగాలి, నాకు తప్పు కాలం వచ్చిందనా?

డిసెంబరులో పురుగులు నాలుగో జ్వరంలో పడ్డాయి. గూడు కట్టేలోపు పురుగు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది, విడిచే ముందు ప్రతిసారీ మేత మాని, తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. దాన్నే జ్వరం అంటారు. ఆ రెండు రోజులూ గాలి కొంచెం తేడా వచ్చినా పంట దెబ్బతింటుంది. ఆ తెల్లవారుజామున పెరట్లో మంచు ఎంత దట్టంగా ఉందంటే బావి గట్టు కనిపించలేదు. ప్రమోద పురుగులింట్లో చెయ్యి చాపింది. సెగ కమ్మేసింది.

"లోపల ఉడుకుగా ఉండాది. కుంపటి తీసేయండి, కిటికీలు తెరవండి" అని చెప్పి క్లాసుకు వెళ్ళింది. మర్నాడూ అదే చెప్పింది. అమరనాథ్ మఫ్లరు సర్దుకుంటూ రెండు రోజులూ తెరిచాడు. మంచు హాయిగా లోపలికి వెళ్ళి కూర్చుంది.

అయిదారు రోజులకు స్టాండ్ల మీద పురుగులు తెల్లగా, సుద్దముక్కల్లా గట్టిపడి కనిపించాయి. సున్నకట్టు రోగం. తడి, చలి కలిస్తే వచ్చేది అదే. దాదాపు సగం పోయాయి. మొదటి బుట్టెడు ఎత్తి గుంటలో పోస్తున్నప్పుడు ఒకదానికొకటి తగిలి చప్పుడయింది. పక్క తోట ఈరప్ప గోడ మీదుగా తొంగిచూసి, "మీ ఇంట్లోనా?" అన్నాడు. ఆ ఒక్క మాటకు అమరనాథ్ ముఖం కందిపోయింది.

"మంచు పడతాంటే ఉడుకని ఎట్ల చెప్తివి నువ్వు?"

"నాకు ఉడుకుగానే ఉండె."

"ఆ యోగాలో గాలి పీల్చి, వదిలి, ఒళ్ళు చెడగొట్టుకున్నావు. రేపట్నుంచి పోవద్దు. మళ్ళా అదే సరైపోతాది."

నిజమేనేమో అనిపించింది ప్రమోదకు. అదీ వింత. ఎదురు చెప్పాలనిపించలేదు, ఒప్పుకోవాలనీ అనిపించలేదు. ఒకవేళ ఒంటిని అంతగా వినడం వల్లనే ఇది వచ్చిందేమో. వినకపోతే పాత ఒళ్ళు తిరిగి వస్తుందేమో. క్లాసు మానేసింది. మిగిలిన సగం పురుగులు గూళ్ళు కట్టడానికి ఇంకో మూడు నాలుగు రోజులున్నాయి. పొద్దున్నే మళ్ళీ ఆ మాటే, కాకపోతే ఇప్పుడు గొంతులో అనుమానం. "సరిగ్గా చూసి చెప్పు."

సరిగ్గా చూసింది. ఏమీ తెలియలేదు. చెయ్యి ఒకటి చెబుతుంది, వీపు ఇంకొకటి చెబుతుంది. తలుపు దగ్గరే నిలబడి పెరట్లోకి చూసింది. అత్త చెవులకు గుడ్డ కట్టుకుని ఆకు తుంచుతోంది. "చలిగా ఉండాది, కుంపటి పెట్టండి" అని చెప్పేసింది. రెండో రోజూ అంతే, అత్త చెవుల గుడ్డ చూసి చెప్పింది. మూడో రోజు గుడ్డ చెవుల మీద కాక మెడలో ఉంది. ప్రమోదకు చెమట పట్టింది. ఆ చెమట ఉడుకుదో భయానిదో కూడా తెలియలేదు.

మునిరత్నమ్మ ఆకు పక్కన పెట్టి దగ్గరికొచ్చింది. గొంతు బాగా తగ్గించింది. "నా గుడ్డ చూసి చెప్తాండావు గదా?"

ప్రమోద జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుంది.

"నువ్వు రాకముందు చెయ్యి చాపేది నేనే గదా, నేను మీ మామ కంబళి చూసి చెప్తాంటి. మెడదాకా కప్పుకోనుంటే చలి, నడుం దాకా ఉంటే పర్లేదు. నాకూ నీ వయసులోనే వచ్చె ఈ సెగ. నీ పెండ్లయిన సంవత్సరం ఒగ పంట పోయె, గ్యాపకముందా? దిష్టి తగిలిందని మీ మామ గుమ్మడికాయ కొట్టిచ్చె. దిష్టి గాదు, నేనే."

గుర్తుంది. బాగా గుర్తుంది. ఆ పంట పోయిన వారానికే అత్త కొత్త కోడలి చెయ్యి పట్టుకుని పురుగులింట్లోకి తీసుకెళ్ళింది. ఈ పిల్ల చెయ్యి మంచిది, ఇకమీద ఈమే చూసుకుంటుందని అందరికీ చెప్పింది. ఆ ఇంట్లో తనకు దొరికిన మొదటి మంచి మాట అది. ప్రమోద దాన్ని పాతికేళ్ళు దాచుకుంది. నడుం విరిగేలా పని చేసిన రోజుల్లో, నీకేం తెలుసు అనిపించుకున్న రోజుల్లో, దాన్ని తీసి చూసుకుని మళ్ళీ లోపల పెట్టుకుంది.

"అంటే, నా చేయి మంచిదని అన్నది..."

"ఇంకేం చెప్పను? నాకు ఏమొచ్చిండాదో ఎవరన్నా అడిగితే గదా చెప్పేది. మూడేండ్లుండె, తర్వాత దానంతటదే పాయ." మునిరత్నమ్మ కోడలి చెమట తన కొంగుతో తుడిచింది. "ఎట్లో నెట్టుకురామ్మా. వచ్చే ఏడు లోకేశుకి పెండ్లి చేస్తాం గదా. వచ్చే పిల్ల చేయి మంచిదని చెప్పేస్తాం."

ఎంతో ప్రేమగా అంది. అత్త మీద కోపం తెచ్చుకోవాలో, ఆమెను కావలించుకుని ఏడవాలో ప్రమోదకు అర్థం కాలేదు. రెండూ ఒకేసారి వచ్చాయి. ఎక్కడో ఒక పిల్ల ఉంటుంది. పేరు తెలియదు, ఊరు తెలియదు. ఆ పిల్ల జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని స్టాండ్ల మధ్య నిలబడుతుంది. చుట్టూ అందరూ ఆమె మాట కోసం చూస్తుంటారు. ఆ పిల్ల మురిసిపోతుంది.

"ఎట్లుండాది లోపల?" అమరనాథ్ వాకిట్లోంచి కేకేశాడు.

ప్రమోద ఇంట్లోకి వెళ్ళి, స్టూలు వేసుకుని, అటక మీది అట్టపెట్టె దించింది. దుమ్ము తుడిచింది. రెండు గాజు గొట్టాల్లో ఒకదాని కింద గుడ్డ వత్తి ఉంది, దాని కింద చిన్న నీళ్ళ డబ్బా. అందులో నీళ్ళు పోసింది. పురుగులింట్లో ఒకప్పుడు కేలండరు తగిలించిన మేకుకు దాన్ని తగిలించింది. భర్త వెనకే వచ్చి నిలబడ్డాడు.

"ఇదేమిటికి ఇప్పుడు?"

"నాకు తెలియడంలే. చెయ్యి చాపితే ఏమీ తెలియడంలే. రెండు దినాలుగా అబద్ధం చెప్తాండా."

ఆ ఇంట్లో తనకున్న ఒక్క గౌరవాన్నీ తన చేత్తోనే మేకుకు తగిలించేసింది. రేపటి నుంచి తానెవరో ఆమెకే తెలియదు.

"నాకు అది చదివేది రాదు" అన్నాడు అమరనాథ్.

"పాల డెయిరీలో మీటరు ఒగ పాయింటు తగ్గితే సెక్రెటరీ మీదికి పోతారు గదా. ఇదీ అట్లాంటి అంకెలే."

ఆయన తల్లి వైపు చూశాడు. మునిరత్నమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. మెడలోని గుడ్డ విప్పి, దులిపి, మళ్ళీ కట్టుకుంది. "చూడు అమరా, ఎంతుండాదో" అంది చివరికి.

అమరనాథ్ కళ్ళు చిట్లించి దగ్గరికెళ్ళాడు. "ఇరవై ఒకటి" అన్నాడు. అని, అలవాటు చొప్పున ప్రమోద ముఖంలోకి చూశాడు.

"అయితే చలే. ఇరవై నాలుగు దాటేదాకా కుంపటి పెట్టల్ల" అంది ఆమె. "బొగ్గులు యాడుండాయో మీకే తెలుసు."

మిగిలిన పురుగులు బతుకుతాయో లేదో తెలియదు. తాను చేసింది సరైనదో కాదో కూడా తెలియదు. ఆరు గంటలైంది. ప్రమోద చెప్పులు వేసుకుని మంచులో నడిచింది. హాల్లో ఆడవాళ్ళు శాలువాలు, స్వెట్టర్లు కప్పుకుని ముడుచుకుని కూర్చుని ఉన్నారు. ఆమె ఈసారి ముందు వరసలో చాప పరిచింది.

"రెండు దినాలు రాలేదే ప్రమోదక్కా" అంది మంజుశ్రీ. "కండ్లు మూసుకోండి. ఇప్పుడు ఎట్లుండాది?"

నాలుక చివరికి పాత జవాబు వచ్చేసింది. దాన్ని ఆపింది. కళ్ళు మూసుకుని వెతికింది. ఛాతీ దగ్గర ఆ సెగ మెల్లగా పుట్టి మెడ మీదికి వస్తోంది. ఎప్పటిలాగే వస్తోంది. ఈసారి ఆమె దాన్ని వచ్చినంత రానిచ్చింది. ఎవరి కోసమూ లెక్కపెట్టలేదు.

"నాకు ఉడుకుగా ఉండాది మేడం" అంది. "పురుగులకి ఎట్లుండాదో మా ఇంటాయన్ని అడగల్ల."