కింది కోర్టులో కురిసిన వాన

శ్రీకాకుళంలో అప్పీళ్ళు వినే రోజున అటెండరు త్రినాథ్ పొద్దున్నే వచ్చి గొడుగులు దులుపుతాడు. కింది కోర్టునుంచి వచ్చిన కేసుకట్ట తాడు విప్పితే, అక్కడ విచారణ జరిగిన రోజు వాతావరణం కూడా బయటికి వస్తుంది మరి. చలికాలంలో సాక్ష్యం నడిచిన కట్టకి శాలువాలు కావాలి, వేసవి కట్టకి విసనకర్రలు కావాలి. మొన్నామధ్య ఓ కొట్లాట కేసులో శిక్షపడ్డ మనిషి అప్పీలు విప్పారు. హాలంతా పొగమంచు కమ్మేసింది. ముద్దాయి తరపు ప్లీడరు గోడవైపు తిరిగి వాదిస్తున్నాడన్న సంగతి సగం వాదన అయ్యాకగానీ ఎవరికీ తెలియలేదు. జడ్జిగారు మాత్రం "వినబడుతోంది, కానివ్వండి" అన్నారు. ఆయనకి కట్టలో ఉన్నదే కావాలి గానీ మొహాలతో పనిలేదు.

ఈ సంగతే దాలమ్మకి ఎంత చెప్పినా ఎక్కలేదు. కోటబొమ్మాళి పక్క పల్లెనుంచి ఆటో నిండా జనాన్ని కుక్కుకుని దిగింది.

"వీళ్ళంతా ఎవరు దాలమ్మా?" అంది ఆమె ప్లీడరు అనూరాధ.

"సాచ్చులమ్మా. కాలవ ఉన్నాదని ఒక్కొక్కలూ ఒట్టేసి సెప్తారు. అక్కడ మా ఎర్రన్నొక్కడే సెప్పినాడని జడ్జీగారు నమ్మనేదు కదా."

"ఇక్కడ మామూలుగా కొత్త సాక్ష్యం తీసుకోరు. కింది కోర్టు ముందు ఏముందో అదే మళ్ళీ చూసి, ఆ తీర్పు సరైందో కాదో తేలుస్తారు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"మరి ఈళ్ళనేటి సెయ్యమంటావు?"

"కూర్చోబెట్టు. గొడుగులైనా పట్టుకుంటారు."

దాలమ్మ గొడవ ఇదీ. ఆమె మడిలో ఎక్కువైన నీరు పక్కనున్న గంగరాజు మడిలోని కాలవగుండా పల్లంలో పారే గెడ్డవాగులోకి దిగేది. ఆ ఊళ్ళో అలాంటి కాలవల్ని ఎండాకాలం దున్నేసి నువ్వులు చల్లుకుంటారు. తొలివాన పడగానే పార పట్టుకుని మళ్ళీ తీసుకుంటారు. మూడేళ్ళ కిందట గంగరాజు కాలవ తియ్యలేదు సరికదా, అడ్డంగా గట్టు వేశాడు. అప్పటినుంచీ దాలమ్మ వేసిన నాట్లు వేసినట్టే కుళ్ళిపోతున్నాయి. కోర్టు పంపిన కమిషనరు సరిగ్గా మండుటెండల్లో వచ్చాడు. దున్నిన నేల చూసి కాలవ లేదని రాసుకుని, ఎత్తుపల్లాలతో సహా నక్షా గీసుకుని వెళ్ళిపోయాడు. వానలు పడ్డాక రండి బాబూ అని చెప్పాలని దాలమ్మకి తోచనే లేదు. ఊరందరికీ తెలిసింది లోకానికంతా తెలుసుననుకుంది పిచ్చిది. కింది కోర్టు నక్షాని నమ్మింది. ఎర్రన్న ఆమెకి మరిది కాబట్టి అతని మాట నమ్మలేదు. ఇక ఈ అప్పీలు కూడా పోతే, మడి ఆ గంగరాజుకే అమ్మేసి, చెన్నైలో ఇటుకలు మొయ్యడానికి రైలెక్కడమే. ఆ మడంటే దాలమ్మకి ప్రాణం.

త్రినాథ్ కట్ట విప్పాడు. ఎర్రన్న సాక్ష్యం చెప్పిన రోజు, కింది కోర్టున్న కోటబొమ్మాళి చుట్టుపక్కలంతా కుండపోత. ఇక్కడా ఫ్యాన్ల కిందనుంచి చినుకులు మొదలై, చూస్తుండగానే జోరందుకున్నాయి. ఆటోజనం గొడుగులు విప్పారు. త్రినాథ్ జడ్జిగారికి పెద్ద గొడుగు పట్టాడు.

గంగరాజు తరపు ప్లీడరు జగన్నాధం కోటు నెత్తిన కప్పుకుని లేచాడు. "సాక్షి తడబడ్డం కింది కోర్టు కళ్ళారా చూసిందండి. తమరు చూడలేదు. ఆ నమ్మకాన్ని ఇక్కడ కూర్చుని తోసెయ్యడం భావ్యం కాదు."

"నిజమే. అయితే సాక్షిని పక్కన పెడదాం. ఆ నక్షా ఇవ్వండి," అన్నారు జడ్జిగారు.

నక్షా బల్లమీద పరిచారు. జగన్నాధం వెనకనుంచి గంగరాజు కూడా వంగి చూశాడు. అప్పుడే త్రినాథ్‌కి గట్టిగా తుమ్మొచ్చి గొడుగు ఒరిగింది. నక్షామీద వాన పడింది.

ఆ రోజు ఆ మడిమీద పడ్డ వానే కదా, అక్కడ ఎలా నడిచిందో కాగితంమీదా అలాగే నడిచింది. దాలమ్మ మడిలో చేరి, ఒక మూలకి జరిగి, గట్టు గీత దగ్గర టక్కున ఆగింది. ఆగి, వెనక్కి తిరిగి, మడంతా ఉబ్బింది. గట్టుకి అవతల పడ్డ చినుకులు మాత్రం కమిషనరు గియ్యని సన్నటి దారి పట్టుకుని వంకరలు తిరుగుతూ గెడ్డలోకి దిగిపోయాయి.

"అదే! అదే మా కాలవ!" అని అరిచింది దాలమ్మ. అనూరాధ ఆమె చెయ్యి పట్టి లాగింది.

"అభ్యంతరం! ఇది కొత్త సాక్ష్యం!" అన్నాడు జగన్నాధం.

"ఏది కొత్తదండీ? నక్షా కట్టలోదే, వానా కట్టలోదే. బయటినుంచి నేనేమీ తేలేదు. అక్కడ నక్షా లోపలుంది, వాన బయట కురిసింది. రెండూ కలిపి చూడలేదు, అంతే. అలా చూడ్డానికే నన్నిక్కడ కూర్చోబెట్టారు."

వారం తిరక్కుండా తీర్పు వచ్చింది. కింది తీర్పు కొట్టేశారు, గట్టు తెంపమన్నారు.

వరండాలో జగన్నాధం ధైర్యం చెప్పబోయాడు. "హైకోర్టులో రెండో అప్పీలు వేద్దాం గంగరాజూ. అక్కడ చట్టంలో తప్పుంటేనే వింటారు. కాలవ ఉందా లేదా అని మళ్ళీ తవ్వరు, వానని సాక్ష్యంగా తీసుకోవడమే తప్పని వాదిద్దాం."

"మరా వాన?"

"కట్టతోపాటు అదీ వస్తుందనుకో."

గంగరాజు తల అడ్డంగా ఊపాడు. "వద్దు బాబూ. ఇన్నాళ్ళూ గట్టుకి నా ఏపునుంచే సూసినాను. ఆ నీరు ఎనక్కి తిరిగి ఆ మడినెలా ముంచీసినాదో ఆయేల కోర్టులో నక్షా పైనుంచి సూసినాను. సాలు."

అప్పటికే ఊళ్ళో వరి ఉడుపులు అయిపోయాయి. మర్నాడు పెద్దవాన కొట్టింది, దాలమ్మ మడి గట్టుదాకా నిండింది. ఇంకో రెండు రోజులు నిలిచిందంటే ఈ ఏటి నాట్లూ గంగలో కలిసినట్టే. దాలమ్మ పార భుజాన వేసుకుని పరుగెత్తుకుని వెళ్ళేసరికి గంగరాజు ముందే అక్కడున్నాడు. గట్టు తెంపి, అవతల కాలవ తీస్తున్నాడు. కొలత లేదు, కట్టిన తాడు లేదు. అతని పార పాత దారినే, వంకరతో సహా, తడుముకోకుండా పట్టుకుపోతోంది.

దాలమ్మ నడుంమీద చెయ్యేసుకుని నిలబడింది. "ఏటి బావా! ఇంత బాగా గేపకమున్నోడివి, కోర్టులో ఒక్క ముక్క సెప్పలేకపోనావేటి?"

"సెప్తే అక్కడే ఓడిపోదును కదేటే," అన్నాడు గంగరాజు తలెత్తకుండా.

కోపం రావలసిన చోట దాలమ్మకి పడిపడి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే దిగి రెండో కొసనుంచి తవ్వడం మొదలుపెట్టింది. ఇద్దరి పారలూ కలిసిన చోట నీరు ఒక్క ఉదుటున గెడ్డవైపు ఉరికింది. పొద్దువాలేసరికి నాట్ల కొనలు పచ్చగా నీటిపైకి వచ్చాయి. దాలమ్మ మడిలోకి దిగి, ఒక్కో మొక్కనీ తడిమి తడిమి చూసుకుంటూ, సంతోషం పట్టలేక ఏడ్చేసింది.