బండి ఎక్కను

కొండల అడుగునున్న మా మరికీతా బస్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చునే ఎదెల్మీరాకు యాభై దగ్గర పడుతున్నాయి. ఆ కిటికీకి ఎదురుగానే నా పళ్ళరసాల బండి. పొద్దున పదికల్లా మా ఊళ్ళో మామిడాకు కూడా కదలదు. ఆ ఉక్కలో ఆమె ఫ్రెస్నో, పాదువా, లెత్రాస్, మనిసాలెస్ అంటూ కొండదారి ఊళ్ళ పేర్లు ఒకే గొంతుతో పిలుస్తూ టికెట్లు చించి ఇచ్చేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. రాత్రి టీవీ ముందే కునుకు తీసి, తెల్లారగానే మళ్ళీ వచ్చి కిటికీ తెరిచేది.

ఒకరోజు ఒక ప్రయాణికుడు టికెట్ అందుకుంటూ ఆమెను పోల్చుకుని నవ్వాడు.

"అమ్మా, నేను ఈ ఊరు విడిచిన రోజు కూడా మీరే టికెట్టిచ్చారు. ఇదే కుర్చీలో కూర్చుని. మీరేం మారలేదు."

అతను మెచ్చుకోలుగానే అన్నాడు. ఆమె మాత్రం ఆ పూట అన్నానికి లేవలేదు. సాయంత్రం నా దగ్గరికొచ్చి, పోసిచ్చిన రసం ముట్టుకోకుండా నిలబడింది.

"నూబియా, రోజంతా ఈ పేర్లు పిలుస్తానా, పాదువా దాటి ఒక్కసారి కూడా పోలేదే నేను."

"బస్సెక్కి పో అక్కా. నిన్నెవరు టికెట్టడుగుతారు?"

"బస్సులోనూ కూర్చునే కదా పోవాలి. కూర్చుని కూర్చునే ఇలా అయ్యాను."

ఆమె అన్న ఎవెలియోకు సైకిళ్ళ కొట్టుంది. ఏటా జనవరిలో కొట్టు మనుషులందరూ కలిసి సైకిళ్ళ మీద కొండదారి కొసనున్న లెత్రాస్ ఎక్కుతారు. ఇక్కడి ఎండలో బయల్దేరితే మంచు పొగలోకి తేలేదాకా రోజంతా ఎక్కుడే. మర్నాడు ఆమె నన్ను వెంటబెట్టుకుని ఆ కొట్టుకెళ్ళి, గేర్ల సైకిలొకటి కావాలంది.

"నీకెందుకే?" అన్నాడు ఎవెలియో.

"లెత్రాస్ ఎక్కడానికి."

గొలుసులకు నూనె పెడుతున్నవాళ్ళు చేతులాపారు.

"చెల్లీ, ఆ కొండ మగాళ్ళనే ఏడిపిస్తుంది. నీ మోకాళ్ళకు కుర్చీ అలవాటు. కుర్చీనే నమ్ముకో."

"నిన్నూ ఏడిపించిందా అన్నయ్యా? ఎప్పుడూ చెప్పలేదే."

అందరూ గొల్లున నవ్వారు. ఎవెలియో మొహం ముడుచుకుని, ఎవరూ కొనక మూలన పడున్న సైకిలొకటి ఆమె ముందుకు తోశాడు.

ఆ జనవరిలో ఆమె వాళ్ళతోపాటే బయల్దేరింది. ఫ్రెస్నో చేరేసరికే వాళ్ళు కనుమరుగయ్యారు. పాదువా దగ్గర మంచులో పిక్కలు రెండూ పట్టేసి రోడ్డు పక్కన కూలబడిపోతే, పాల లారీవాడెవడో ఎక్కించుకుని తెచ్చాడు. డబ్బాల మధ్య కూర్చుని దిగిన సంగతి ఎవెలియో ఊరంతా చాటాడు. మర్నాడు కిటికీ ముందు ఒకడు, "మనిసాలెస్‌కు ఒక టికెట్, ఒక లీటరు పాలు" అన్నాడు.

ఆమె టికెట్ చించిచ్చింది. "పాలు అయిపోయాయి. తర్వాతెవరు?"

ఆ వారమే మధ్యాహ్నం డ్యూటీకి మార్పించుకుంది. తెల్లవారుజామునే ఫ్రెస్నో దారి పట్టేది. మొదట్లో మలుపు మలుపుకూ దిగి కక్కుకునేది. ఒకసారి కిందపడి మోచెయ్యి చీరుకుపోయి, కట్టు కట్టుకుని వచ్చి కిటికీలో కూర్చుంది. ఆకలి తెలియకముందే తినాలని నేర్చుకుంది. జేబునిండా జామపండు హల్వా ముక్కలు పెట్టుకునేది. పక్కనుంచి కుర్రాళ్ళు దాటిపోతుంటే ఉడుక్కుని వాళ్ళతో పోటీగా తొక్కడం మానేసింది. అన్నిటికన్నా అదే కష్టమైందట. చీకటితోనే ఈ తిరుగుళ్ళేమిటని పక్కింటివాళ్ళంటే, "మీరూ రండి" అనేది.

జనవరిదాకా ఆగలేదు. మా వైపు వానలు తగ్గే జులైలోనే ఒక్కతే బయల్దేరింది. నీళ్ళు, కోటు పట్టుకుని నేను మోటారుసైకిలు మీద వెనకాలే వెళ్ళాను. పాదువా దాటాక చలి మొదలైంది. ఆ పైన వడగళ్ళు పడ్డాయి. ఆమె పెదాలు నల్లబడ్డాయి. సరిగ్గా అప్పుడే, సంగతి తెలిసి ఎవెలియో వెనకనుంచి తన బండిలో వచ్చి, పక్కన నెమ్మదిగా నడుపుతూ అద్దం దించాడు.

"ఎక్కు."

"ఎక్కను."

"చచ్చిపోతావే పిచ్చిదానా. నిన్ను చూసి ఊరు నవ్వింది చాలదా?"

"నవ్వితే నాకేం అరిగిపోయింది? అడ్డం తియ్యి, గుంటలు కనబడట్లేదు."

అంతలో పిక్క మళ్ళీ పట్టేసింది. ఆమె దిగిపోయింది. ఎవెలియో బండి తలుపు తెరిచి పట్టుకున్నాడు. అటువైపు చూడకుండా ఆమె పిడికిలితో తన పిక్కను గుద్దుకుంది, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా గుద్దుకుంది. నా ప్రాణం ఒప్పక, "పోనీ అక్కా, ఈసారికి..." అన్నాను.

"నువ్వు కూడా అంటే మోటారుసైకిలు తిప్పుకుని ఇంటికి పో," అంది.

మోటారుసైకిలు పక్కకు తీశాను. ఆమె మళ్ళీ ఎక్కి తొక్కింది. ఎవెలియో తలుపు ధడాలున వేసుకుని ముందుకు వెళ్ళిపోయాడు.

లెత్రాస్ అంటే నాలుగు రేకుల కొట్లు, ఆగిన లారీలు, కురిసే మంచు. సాయంత్రానికి ఆమె అక్కడికి చేరింది. హ్యాండిల్ మీద బిగుసుకుపోయిన వేళ్ళను ఒక్కొక్కటే నేనే విడదీశాను. అక్కడి ఒక కొట్టు గుమ్మంలో ఎవెలియో వేడివేడి బెల్లంనీళ్ళ కప్పుతో నిలబడున్నాడు. ఆమె అందుకుని, జున్నుముక్క నంజుకుంటూ తాగింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"సరే, ఎక్కావు," అన్నాడు వేరేవైపు చూస్తూ. "ఇక సైకిలు బండిలో వెయ్యి, పోదాం."

"ఇంకో కప్పు తాగి వేస్తాను. కొండ దిగేటప్పుడు బండి ఎక్కడానికి నాకేం సిగ్గు లేదు."

 ఊరికొచ్చాక ఎవెలియో తన కొట్టులో, నేను మోటారుసైకిలుకు తాడు కట్టి ఆమెను లాగానని చెప్పడం మొదలుపెట్టాడు. నేను తగువుకు వెళ్తానంటే ఎదెల్మీరా ఒప్పుకోలేదు, తనే వెళ్ళింది.

"జనవరిలో మీతో వస్తాను అన్నయ్యా. నూబియా రాదు. తాడెక్కడుందో నువ్వే వెతుక్కో."

జనవరిలో నేను నా రసాల బండి దగ్గరే నిలబడి వాళ్ళు బయల్దేరడం చూశాను. ఊరి చివరి వంతెన దగ్గరికే ఆమె అందరికన్నా వెనకబడింది. పైకి చేరడమూ అందరికన్నా ఆఖరునే చేరింది. చీకటి పడకముందే.

మర్నాడు కిటికీ దగ్గర ఎవరో, "ఆఖరునట కదా?" అని అడిగారు.

"అవును," అంది ఎదెల్మీరా. "టికెట్ ఎక్కడికి?"