పల్లం వైపు కొలత

నా బావమరిది కట్టించిన గోడ నా పెరట్లోకి ఒరుగుతోంది. వర్షాలు మొదలవగానే చూశాను. చెప్పలేదు. గోడ వాడిది, చూసుకోవాల్సిందీ వాడే.

పక్కపక్కనే ఉన్న ఈ రెండు స్థలాలూ మా మామగారు కూతురికీ కొడుక్కీ పంచి ఇచ్చినవి. మధ్యలో ముళ్లకంచె ఉండేది. నా భార్య ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో వాడు ఆ కంచె పీకించి గోడ లేపాడు. నేను ఒంటరిగా ఇంటికి వచ్చేసరికి దానికి సున్నం కూడా వేసి ఉంది. "నువ్వు ఆ గొడవలో ఉన్నావని అడగలేదు బావా" అన్నాడు. అప్పటినుంచి వాడితో నేను మాట్లాడలేదు.

తర్వాత వాడు గోడకు అటువైపు మట్టి తోలించి పెరడంతా వీధి మట్టానికి లేపాడు. ఆ మట్టి మీదే గది వేశాడు. వాడి భార్య అందులో కుట్టుమిషను పెట్టుకుని నాలుగు ఇళ్లకు బట్టలు కుడుతుంది. ఆ గదిలో నిలబడి చూస్తే గోడ నడుమెత్తే. నా పెరట్లో నిలబడి చెయ్యెత్తినా పైకొస అందదు. కంచెకు బదులుగా కట్టిన పలచని గోడ అది. ఇప్పుడు బళ్లకొద్దీ మట్టిని మోస్తోంది.

ఆ రోజు పొద్దున్నే వాడు మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చి నా గేటు దగ్గర నిలబడ్డాడు. నేను వరండాలో కాలిపోయిన మోటారుకు కొత్త తీగ చుడుతున్నాను.

"గేటు తియ్యి బావా. గోడకి ఊతలు పెట్టాలి. మీ వైపు నుంచే పెట్టాలంట."

నేను చుడుతూనే ఉన్నాను.

"వినపడట్లేదా బావా?"

"మేస్త్రీ, నీ పక్కనున్నాయనకి చెప్పు. నా స్థలంలో కాలు పెట్టాలంటే అనుమతి కావాలి."

మేస్త్రీ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "పెద్దాయనా, గట్టి వాన పడితే అది నిలవదు. గోడ పడితే మట్టి జారుద్ది, మట్టి జారితే గది కూలుద్ది. మీ పంతాల మధ్య నా కర్రలేం పాపం చేశాయండీ?"

"వాళ్ల వైపు నుంచి పెట్టుకో."

"అటునుంచి పెడితే ఊత కాదండీ, తోపు."

"అయితే పంచాయతీ ఆఫీసుకి పొమ్మను."

వాళ్లు ఆఫీసుకు వెళ్లారు. వెనకే నేనూ వెళ్లాను. నా హక్కు ఎంతవరకో నా చెవులతో వినాలనుకున్నాను.

గుమస్తా మధ్యవయసు మనిషి. మా బావమరిది చెప్పింది కళ్లు మూసుకుని విన్నాడు.

"ఎత్తెంత?"

"నడుమెత్తు సార్. అంత ఎత్తుకి అనుమతి అక్కర్లేదని కనుక్కునే కట్టా."

"పక్కాయన వైపు నుంచి?"

"మనిషెత్తు దాటి ఉంది" అన్నాను నేను.

గుమస్తా కళ్లు తెరిచాడు. "ఎత్తు పల్లం వైపు నుంచి కొలుస్తామయ్యా. పైగా మట్టిని ఆపే గోడకి ఎంత ఎత్తైనా అనుమతి ఉండాల్సిందే. కంచె అని చెప్పి ఆనకట్ట కట్టావు."

"తప్పే సార్. ముందు ఊతలు పెట్టనివ్వమనండి."

"ఆయన స్థలంలోకి ఆయన ఒప్పుకుంటేనే వెళ్లాలి. లేదంటే కోర్టు చెప్పాలి." నా వైపు తిరిగాడు. "ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోను."

మా వాడి భార్య కూడా వాళ్లతో వచ్చి, అప్పటిదాకా తలుపు దగ్గరే నిలబడి ఉంది. నాకు చెల్లెలి వరస. నా భార్య మంచం పక్కన పగళ్లు కూర్చున్నది ఆవిడే. ఇంటి దగ్గర గోడ లేస్తోందని తెలిసి కూడా నాతో ఒక్క ముక్క అనలేదు. అందుకే ఆవిడతోనూ నాకు మాటల్లేవు.

"ఎవరి అనుమతీ అక్కర్లేని సందర్భం ఏదీ ఉండదా అండీ?" అని అడిగింది.

"మనిషి ప్రాణానికి ముప్పుంటే ఎవరూ అడ్డం చెప్పడానికి లేదమ్మా. ఆ గోడ పక్కన మనుషులుంటారా?"

"ఎవరూ ఉండరు" అన్నాను. ఆవిడ నావైపు ఒకసారి చూసి బయటకు వెళ్లిపోయింది.

నేను ఇంటికొచ్చి గేటుకు తాళం వేశాను. మధ్యాహ్నానికి వాన అందుకుంది. పెరట్లో చప్పుడైతే వెళ్లి చూశాను. గోడ మూలన, ఇంకా నిటారుగా ఉన్నచోట, నిచ్చెన దింపి ఉంది. ఆవిడ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, సరిగ్గా గోడ ఒరిగిన చోట కూర్చుంది. గొడుగు మెడకూ భుజానికీ మధ్య ఇరికించుకుని ఎవరిదో జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. గోడకు అటునుంచి మొగుడు అరుస్తున్నాడు.

"లే" అన్నాను.

"లేవను అన్నయ్యా. మనిషుంటే అనుమతి అక్కర్లేదన్నారుగా. మనిషుంది."

"చస్తావు."

"చస్తే నీ స్థలంలోనే చస్తాను. దానిక్కూడా నిన్నడగాలా?"

ఇటుకల సందుల్లోంచి ఎర్రనీళ్లు కారుతున్నాయి. పొద్దున అవి లేవు.

"గోడ కడుతున్నప్పుడు లేదే ఈ నోరు? ఎదురుగా కూర్చుని కూడా చెప్పలేదు."

ఆవిడ సూది ఆపింది. "వదినకి చెప్పాను. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది. చెబితే ఇక్కణ్ణుంచి లేచెళ్లి వాడితో కొట్టుకుంటాడే, ఉన్న నాలుగు రోజులూ నా దగ్గర ఉండనీ, అంది."

నా భార్య అలా అనగలదు. ఈవిడ అలా అల్లగలదు కూడా. ఏది నిజమో చెప్పాల్సిన మనిషి లేదు.

గోడ పైవరసలో ఒక ఇటుక ఊడి కుర్చీ పక్కన పడింది. బురద ఆవిడ చీర మీద చిందింది. అయినా ఆవిడ కదల్లేదు. కింది వరసలో పగులు నా కళ్ల ముందే వేలు పట్టేంత తెరుచుకుంది.

నేను గేటు దగ్గరకు పరుగెత్తాను. తడిచేతుల్లో తాళంచెవి రెండుసార్లు జారింది. గేటు బయట మేస్త్రీ, అప్పటికే చుట్టూ తిరిగి వచ్చిన మా వాడు కర్రలు భుజాన పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. మొదటి ఊత గోడకు బిగిసేదాకా ఆవిడ లేవలేదు. లేచాక కుర్చీ పక్కకు లాగింది. మా వాడు నావైపు తిరిగి "బావా" అన్నాడు. నేను మేస్త్రీకి రెండో కర్ర అందించాను.

మర్నాడు గుమస్తా వచ్చి నా పెరట్లోంచే టేపు పెట్టి కొలిచాడు. మట్టి తీసెయ్యాలన్నాడు, ఆ తర్వాత గోడ దించెయ్యాలన్నాడు. అదంతా రాసుకుని నన్నడిగాడు.

"వీళ్లు లోపలికి రావడానికి మీరు అనుమతి ఇచ్చారని రాసుకోనా?"

మా వాడు గేటు పక్కనే నిలబడి ఉన్నాడు.

"నేనివ్వలేదు. ప్రాణానికి ముప్పని రాసుకోండి."

వాడు విన్నాడు. వినాలనే గట్టిగా అన్నాను.